కోణాన్ని సరిగ్గా సగం చేయడం: పటం మూల నుంచి ముక్కోణపు స్థలం దాకా

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పరిసర వీధుల్లో దేవుడి పటాలు కట్టే దుకాణం ముందు కాసేపు నిలబడి చూస్తే, పనివాడు చెక్కపట్టీ కొసను 45 డిగ్రీలకు కోసి, అదే విధంగా కోసిన మరో పట్టీని దానికి ఆనించి బిగించడం కనిపిస్తుంది. రెండు పట్టీలు కలిసిన చోట ఏర్పడే సన్నని గీత 90 డిగ్రీల మూలను రెండు సమాన భాగాలుగా విడదీస్తుంది కనుక, రేఖాగణిత పరిభాషలో అది కోణ సమద్విఖండన రేఖ అవుతుంది. ఆ గీతను అలాగే లోపలికి పొడిగిస్తే ఎదుటి మూలకు చేరుతుందా అని నేను పాఠం చెప్పే ప్రతిసారీ పిల్లలను అడుగుతాను, దాదాపు ప్రతిసారీ తరగతిలో సగం మంది చేరుతుందనే అంటారు. చేరదు. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు ఉన్న పటంలో ఎదురెదురు మూలలను కలిపే కర్ణం, పొడవాటి భుజంతో చేసే కోణం సుమారు 33.7 డిగ్రీలు మాత్రమే, అతుకు గీత చేసే కోణం 45 డిగ్రీలు.

ఈ పొరపాటుకు కారణం "సగం" అనే మాటలోనే ఉంది. సగం అనగానే మన చూపు ఎదుటి భుజం మధ్యబిందువు మీదకో, ఎదుటి మూల మీదకో పోతుంది. కోణ సమద్విఖండన రేఖకు ఆ రెండింటితోనూ నేరుగా సంబంధం లేదు, దాని సంబంధమంతా కోణపు రెండు భుజాల నుంచి ఉండే దూరాలతోనే. ఈ మార్గదర్శిలో గీయడం, నిరూపించడం, నేల మీద కొలవడం అన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

పనిముట్లు

వృత్తలేఖిని, కొలబద్ద, సన్నగా చెక్కిన పెన్సిల్ చాలు. కోణమానిని చివర సరిచూసుకోవడానికి మాత్రమే వాడాలి, దానితోనే కోణం కొలిచి సగం గుర్తు పెట్టుకుంటే అర డిగ్రీ, డిగ్రీ తేడా సులువుగా వస్తుంది, పైగా ఎందుకు సగమైందో అర్థం కాదు. వృత్తలేఖిని కీలు వదులుగా ఉంటే చాపం గీస్తుండగానే వ్యాసార్ధం మారిపోతుంది కనుక, మొదలుపెట్టే ముందే మరను బిగించుకోవడం మంచిది. జామెట్రీ బాక్సు కొత్తదైనా ఈ పరీక్ష తప్పదు: ఒక పూర్తి వృత్తం గీసి, గీత మొదలైన చోటనే ముగిసిందో లేదో చూడాలి.

గీసే విధానం

కోణం శీర్షాన్ని శ అని పిలుద్దాం. మొదట వృత్తలేఖిని ముల్లును శ మీద ఉంచి, ఐదారు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో రెండు భుజాలనూ ఖండించేలా ఒకే చాపం గీయాలి. ఆ చాపం ఒక భుజాన్ని తాకిన బిందువును క అనీ, రెండో భుజాన్ని తాకిన బిందువును గ అనీ గుర్తించాలి.

రెండవ దశలో ముల్లును క మీదకు మార్చి, క, గ ల మధ్య దూరంలో సగానికి మించిన వ్యాసార్ధంతో కోణం లోపలి వైపు, శీర్షానికి దూరంగా ఒక చాపం గీయాలి. తరువాత వ్యాసార్ధాన్ని ఏ మాత్రం మార్చకుండా ముల్లును గ మీద ఉంచి, మొదటి దాన్ని ఖండించేలా మరో చాపం గీయాలి. ఈ రెండు చాపాలు కలిసిన బిందువు మ. చివరగా శ నుంచి మ గుండా కిరణం గీస్తే అదే కోణ సమద్విఖండన రేఖ.

వ్యాసార్ధం సగానికి తక్కువైతే చాపాలు కలవనే కలవవు. సగానికి కాస్త మాత్రమే ఎక్కువైతే కలుస్తాయి కానీ ఒకదానినొకటి రాసుకుంటున్నట్టు పలుచని కోణంలో కలుస్తాయి, అప్పుడు ఖండన బిందువు ఎక్కడ ఉందో చెప్పడం కష్టం. చాపాలు దాదాపు లంబంగా ఖండించుకునేలా వ్యాసార్ధం తీసుకుంటే బిందువు స్పష్టంగా కనిపిస్తుంది. మ బిందువు శీర్షానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే అర మిల్లీమీటరు పక్కకు జరిగిన బిందువు శీర్షానికి 3 సెంటీమీటర్ల దూరంలో ఉంటే రేఖ దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది, అదే 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తప్పు డిగ్రీలో మూడో వంతుకు కాస్త పైన ఆగిపోతుంది. పరీక్షలో పిల్లలు చిన్న చాపాలతో ముచ్చటగా గీసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఈ పద్ధతి కొత్తది కాదు. సుమారు క్రీ.పూ. 300 నాటి యూక్లిడ్ తన "ఎలిమెంట్స్" మొదటి సంపుటిలో 9వ ప్రతిపాదనగా దీన్ని చెప్పాడు. అయితే రెండు చాపాలకు బదులు క, గ లను కలిపి, ఆ గీత మీద సమబాహు త్రిభుజం గీయమన్నాడు. ఆ త్రిభుజాన్ని శీర్షానికి అవతలి వైపు గీయాలి. ఇచ్చిన కోణం 60 డిగ్రీలైతే, ఇవతలి వైపు గీసిన త్రిభుజం మూడో మూల సరిగ్గా శీర్షం మీదే పడి, కలపడానికి రెండో బిందువే లేకుండా పోతుంది.

ఎందుకు సగమవుతుంది?

క, మ లనూ, గ, మ లనూ కలపండి. ఇప్పుడు శకమ, శగమ అనే రెండు త్రిభుజాలు కనిపిస్తాయి. శక, శగ లు ఒకే చాపపు వ్యాసార్ధాలు కనుక సమానం, కమ, గమ లను ఒకే వ్యాసార్ధంతో గీశాం కనుక అవీ సమానం, శమ రెండింటికీ ఉమ్మడి భుజం. భుజం–భుజం–భుజం నియమం ప్రకారం రెండు త్రిభుజాలూ సర్వసమానం, కాబట్టి శ దగ్గర ఏర్పడిన రెండు కోణాలూ సమానం.

నాలుగు భుజాలున్న ఆ ఆకారాన్ని ఒకసారి తిప్పి చూస్తే అది సంక్రాంతికి ఎగరేసే గాలిపటమే. గాలిపటంలో నిలువు పుల్ల ఎలాగైతే పై మూలనూ కింది మూలనూ సగం చేస్తూ అడ్డ కర్ణాన్ని లంబంగా దాటుతుందో, ఇక్కడ శమ రేఖ కూడా కగ గీతను లంబంగా ఖండించి సగం చేస్తుంది. రెండు వ్యాసార్ధాలూ ఒకటే అయితే ఆ గాలిపటం సమచతుర్భుజం అవుతుంది, ధనుర్మాసంలో వాకిట్లో వేసే చుక్కల ముగ్గుల్లో కనిపించే ఆకారం అదే. సమచతుర్భుజంలో కర్ణాలు మూలలను సగం చేస్తాయన్న ధర్మాన్ని విడిగా బట్టీ పట్టాల్సిన పని లేదు, కోణాన్ని సగం చేసిన ప్రతిసారీ దాన్ని మనం చేతితో గీస్తూనే ఉన్నాం.

అసలు ధర్మం: దూరాలు సమానం

సమద్విఖండన రేఖ మీద ఏదో ఒక బిందువు తీసుకుని, అక్కడి నుంచి కోణపు రెండు భుజాలకూ లంబాలు గీయండి. ఏర్పడిన రెండు లంబకోణ త్రిభుజాల్లో శీర్షం దగ్గరి కోణాలు సమానం, లంబకోణాలు సమానం, కర్ణం ఉమ్మడి. కాబట్టి అవి సర్వసమానం, రెండు లంబాల పొడవూ ఒకటే. దీని విపర్యయం కూడా నిజమే: కోణం లోపల ఉండి రెండు భుజాలకూ సమాన దూరంలో ఉన్న ప్రతి బిందువూ సమద్విఖండన రేఖ మీదే ఉంటుంది, దీన్ని లంబకోణం–కర్ణం–భుజం నియమంతో నిరూపించవచ్చు. దూరం అంటే ఇక్కడ లంబ దూరమే. ఏటవాలుగా కొలిచి రెండు వైపులా ఒకటే వచ్చిందని సంతోషపడితే ప్రయోజనం లేదు.

పటం అతుకు రహస్యం ఇప్పుడు విడిపోతుంది. అన్ని పట్టీల వెడల్పూ సమానమైతే పటం లోపలి మూల రెండు బయటి అంచులకూ సమాన దూరంలో ఉంటుంది, కాబట్టి అతుకు గీత సమద్విఖండన రేఖ కాక తప్పదు. పటం పొడవు, ఎత్తు ఎంత అన్నదానితో దానికి సంబంధం లేదు.

శీర్షం కాగితం మీద లేనప్పుడు

పాఠాల్లో అరుదుగా చెప్పే ఈ సందర్భం పనిలో తరచుగా ఎదురవుతుంది. రెండు దారులు కలిసే మూలలో ఒక భవనం అడ్డంగా ఉంటే ముల్లు ఎక్కడ గుచ్చాలి? దూరాల ధర్మమే దారి చూపిస్తుంది. ఒక భుజం మీద రెండు చోట్ల లోపలి వైపుకు 3 సెంటీమీటర్ల లంబాలు వేసి, వాటి కొసలను కలుపుతూ ఆ భుజానికి సమాంతర రేఖ గీయాలి. రెండో భుజానికి కూడా అంతే 3 సెంటీమీటర్ల దూరంలో సమాంతర రేఖ గీయాలి. ఈ రెండు కొత్త రేఖలు కాగితం మీదే కలిస్తే, అక్కడ ఏర్పడిన కోణాన్ని పై పద్ధతిలో సగం చేయాలి, కలవకపోతే దూరాన్ని పెంచి మళ్లీ గీయాలి. కొత్త కోణపు భుజాలకు సమాన దూరంలో ఉన్న బిందువు పాత భుజాలకు కూడా సమాన దూరంలోనే ఉంటుంది, ఎందుకంటే రెండు దూరాలకూ అదే 3 సెంటీమీటర్లు కలుస్తాయి. కాబట్టి వచ్చిన రేఖ కనిపించని శీర్షం గుండానే పోతుంది.

కొన్ని ప్రత్యేక కోణాలు

60 డిగ్రీలను వృత్తలేఖినితో నేరుగా గీయవచ్చు, దాన్ని సగం చేస్తే 30, మళ్లీ సగం చేస్తే 15. సరళకోణాన్ని సగం చేస్తే 90, అక్కడి నుంచి 45, 22.5. ఒకే శీర్షం దగ్గర 60, 90 డిగ్రీల కిరణాలు గీసి వాటి మధ్య కోణాన్ని సగం చేస్తే 75 వస్తుంది. సగం చేయడం ఇంత సులువైతే మూడు భాగాలు చేయడమూ సులువే అనుకోవద్దు: కేవలం వృత్తలేఖిని, గీతలు లేని కొలబద్దతో ఏ కోణాన్నైనా మూడు సమభాగాలు చేసే పద్ధతి ఉండదని 1837లో ఫ్రెంచి గణితవేత్త పియర్ వాంట్సెల్ నిరూపించాడు. 60 డిగ్రీలను అలా విడదీసి 20 డిగ్రీలు గీయలేం.

ఒక సరళరేఖ మీద పక్కపక్కనే ఉన్న రెండు కోణాలను సగం చేస్తే, ఆ రెండు సమద్విఖండన రేఖల మధ్య కోణం ఎప్పుడూ 90 డిగ్రీలే. మొత్తం 180 కనుక సగాల మొత్తం 90. గీత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఇది మంచి పరీక్ష.

ముక్కోణపు స్థలం

తిరుపతిలో ఇంటి స్థలాలను అంకణాల్లో చెప్పుకుంటాం. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72 కనుక బంధువులతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. దారులు చీలే చోట మిగిలిన ఒక ముక్కోణపు స్థలం ఉందనుకుందాం. దాని మూలలు ప, ర, ల. పర 39 అడుగులు, రల 42 అడుగులు, పల 45 అడుగులు. మూడు అడుగులకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే కాగితం మీద 13, 14, 15 సెంటీమీటర్ల త్రిభుజం వస్తుంది, గీస్తూ చదవండి.

వైశాల్యం కోసం మూడు భుజాల మొత్తంలో సగం తీసుకోవాలి: 63. దాన్ని, 63 నుంచి ఒక్కో భుజం తీసివేయగా వచ్చిన 24, 21, 18 లతో గుణించి వర్గమూలం కడితే 756 చదరపు అడుగులు వస్తుంది, అంటే సరిగ్గా 21 అంకణాలు.

ప మూలలో బోరు ఉంది. స్థలాన్ని ఇద్దరు అన్నదమ్ములు పంచుకోవాలి, బోరు ఇద్దరికీ అందాలి కనుక ప నుంచే గోడ కట్టాలి. మూలను సగం చేస్తే స్థలం సగమవుతుందని తమ్ముడు అనుకుంటే, ఏ వైపు తీసుకుంటున్నాడో ముందే చూసుకోవడం మేలు. ప దగ్గరి కోణపు సమద్విఖండన రేఖ రల భుజాన్ని న దగ్గర తాకిందనుకోండి. న నుంచి పర, పల భుజాలకు లంబ దూరాలు సమానం, కాబట్టి రెండు ముక్కల వైశాల్యాల నిష్పత్తి ఆ భుజాల నిష్పత్తే, అంటే 39:45, సంక్షిప్తంగా 13:15. రెండు ముక్కలకూ ప నుంచి ఎత్తు ఒకటే కనుక, వాటి వైశాల్యాల నిష్పత్తి రన, నల ల నిష్పత్తి కూడా. రెండింటినీ కలిపి చదివితే ఎదుటి భుజం, కోణాన్ని ఆవరించిన భుజాల నిష్పత్తిలో విభజింపబడుతుందనే సిద్ధాంతం రెండు వాక్యాల్లో తేలిపోయింది. యూక్లిడ్ గ్రంథం ఆరో సంపుటిలో ఇది 3వ ప్రతిపాదన.

లెక్క వేస్తే రన 19.5 అడుగులు, నల 22.5 అడుగులు. ఒక ముక్క 351 చదరపు అడుగులు, రెండోది 405. అంకణాల్లో 9.75, 11.25. తేడా ఒకటిన్నర అంకణం. సమానంగా పంచుకోవాలంటే కోణాన్ని కాక రల భుజాన్ని సగం చేసి, ర నుంచి 21 అడుగుల దగ్గరికి మధ్యగత రేఖ వెంట గోడ కట్టాలి, అప్పుడు ఇద్దరికీ 10.5 అంకణాల చొప్పున వస్తుంది. రెండు గోడల మధ్య ఎదుటి కొసన తేడా అడుగున్నర మాత్రమే. కంటికి ఆనదు కానీ రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఆనుతుంది.

ప నుంచి రల మీదకు లంబం కూడా గీస్తే అది ర నుంచి 15 అడుగుల దగ్గర పడుతుంది. అంటే వరుసగా 15 దగ్గర లంబం, 19.5 దగ్గర సమద్విఖండన రేఖ, 21 దగ్గర మధ్యగత రేఖ. కోణాన్ని ఆవరించిన రెండు భుజాలు అసమానమైతే ఏ త్రిభుజంలోనైనా సమద్విఖండన రేఖ ఇలా మిగిలిన రెండింటి మధ్యలోనే ఉంటుంది. ఆ రెండు భుజాలు సమానమైనప్పుడు మాత్రమే మూడూ ఒకే గీతగా కలిసిపోతాయి. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా సమద్విబాహు త్రిభుజంలా కనిపించడం వల్లే పిల్లలు మూడింటినీ ఒకటిగా పొరబడతారని నా అభిప్రాయం, అందుకే నల్లబల్ల మీద నేను ఎప్పుడూ కావాలని వంకర త్రిభుజమే గీస్తాను.

ఇప్పుడు ర, ల దగ్గరి కోణాలను కూడా సగం చేయండి. మూడు రేఖలూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. రెండు రేఖలు కలిసిన బిందువు మొదటి రేఖ వల్ల రెండు భుజాలకు, రెండో రేఖ వల్ల మూడో భుజానికి కూడా సమాన దూరంలో ఉంటుంది కనుక, అది మూడో సమద్విఖండన రేఖ మీద ఉండక తప్పదు. ఆ బిందువే అంతర వృత్త కేంద్రం, అంటే త్రిభుజం లోపల ఉండి మూడు భుజాలనూ తాకే వృత్తానికి కేంద్రం. అక్కడి నుంచి ఏ గోడకైనా దూరం, వైశాల్యాన్ని అర్ధ చుట్టుకొలతతో భాగించగా వచ్చిన సంఖ్య: 756ను 63తో భాగిస్తే 12 అడుగులు. స్థలంలో పట్టగల అతి పెద్ద గుండ్రటి తొట్టి వ్యాసార్ధం ఇదే, మూడు గోడలకూ సమాన దూరంలో దీపస్తంభం నాటాల్సిన చోటూ ఇదే.

ఆ చోటును నేల మీద గుర్తించడానికి తాడూ టేపూ చాలు. వృత్తం ఒక్కో భుజాన్ని తాకే బిందువు, మూల నుంచి అర్ధ చుట్టుకొలతలో ఎదుటి భుజాన్ని తీసివేసినంత దూరంలో ఉంటుంది. ర కు ఎదుటి భుజం 45 కనుక, ర నుంచి రల వెంట 18 అడుగులు కొలిచి మేకు పాతండి. అక్కడ లంబం వేయడానికి రల వెంటే మరో 9 అడుగుల దూరంలో రెండో మేకు పాతి, మొదటి మేకు నుంచి 12 అడుగులు, రెండో మేకు నుంచి 15 అడుగులు ఉండేలా స్థలం లోపలి వైపుకు రెండు తాళ్లను లాగి కలపండి. 9, 12, 15 లంబకోణ త్రిభుజపు కొలతలు కనుక మొదటి మేకు దగ్గర మూల మట్టంగా వస్తుంది, తాళ్లు కలిసిన చోటే కేంద్రం.

చతుర్భుజాల్లో

సమాంతర చతుర్భుజంలో పక్కపక్క కోణాల మొత్తం 180 కనుక వాటి సమద్విఖండన రేఖలు లంబంగా కలుస్తాయి. భుజాలు అసమానమైతే నాలుగు రేఖలూ కలిసి మధ్యలో ఒక దీర్ఘచతురస్రాన్ని ఏర్పరుస్తాయి. మొదటి ఆకారమే దీర్ఘచతురస్రమైతే మధ్యలో చతురస్రం వస్తుంది, దాని కర్ణం పొడవు, వెడల్పుల తేడాకు సమానం. 10 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పుతో గీసి చూస్తే మధ్య చతురస్రం కర్ణం 4 సెంటీమీటర్లు వస్తుంది. భుజాలు దగ్గరవుతున్న కొద్దీ ఆ చతురస్రం కుంచించుకుపోయి, నాలుగు భుజాలూ సమానమైనప్పుడు ఒక్క బిందువై కర్ణాల ఖండన బిందువులో కలిసిపోతుంది. కర్ణం కోణాన్ని సగం చేయడం సమచతుర్భుజంలో, చతురస్రంలో మాత్రమే అన్ని మూలల్లోనూ జరుగుతుంది, గాలిపటంలో రెండు మూలల్లో జరుగుతుంది, సాధారణ దీర్ఘచతురస్రంలో ఎక్కడా జరగదు.

అయితే అతుకు గీత కర్ణం వెంటే పోయే పటం కట్టించుకోవాలని ఎవరికైనా ముచ్చట ఉంటే దానికీ దారి ఉంది. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు ఉన్న పటానికి పైనా కిందా 2 అంగుళాల పట్టీ, రెండు పక్కలా 3 అంగుళాల పట్టీ వేయమనండి. అప్పుడు లోపలి మూల ఒక అంచుకు 2, మరో అంచుకు 3 అంగుళాల దూరంలో పడుతుంది, 2:3 అనేది 12:18 కి సమానం కనుక అతుకు కర్ణం మీదే ఉంటుంది. కాకపోతే పనివాడి దగ్గర 45 డిగ్రీలకు అమర్చి ఉన్న కోతపెట్టె అక్కరకు రాదు, ఒక పట్టీని 33.7 డిగ్రీలకు, మరో పట్టీని 56.3 డిగ్రీలకు విడివిడిగా గీత గీసి కోయాల్సి వస్తుంది.